నేపుల్స్ పాతబస్తీ నడిచి చూడాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల పాంపే శిథిలాల గురించి రాశాం కదా, ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు చాలావరకు పాంపే మీద కాదు, పక్కనున్న నేపుల్స్ మీద. అక్కడ ఆగాలా వద్దా, మనం తినేది దొరుకుతుందా, నడిస్తే భయమా అని రకరకాలుగా అడిగారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఊరికే, అందులోనూ దాని పాతబస్తీకే ఇస్తున్నాం.

ప్రశ్న: నేను రిటైర్డ్ సోషల్ టీచర్ని. మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉంటాడు, అక్టోబరులో మా ఇద్దరినీ ఇటలీ తీసుకెళ్తానంటున్నాడు. రోమ్ నుంచి పాంపే వెళ్తూ నేపుల్స్‌లో ఒక పూట ఆగుదామని వాడంటాడు, ట్రావెల్ ఏజెంటేమో అక్కడ చూడ్డానికేం లేదు, రైలు మారి వెళ్లిపోండి అంటున్నాడు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పి. ఆగడం దండగేనా? ఆగితే ఎక్కణ్ణుంచి ఎక్కడికి నడవాలి?
(రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మాస్టారూ, తప్పకుండా ఆగండి. ఒక పూట కాదు, పూర్తిగా ఒక రోజు ఉంచుకుని రాత్రి బస కూడా అక్కడే పెట్టుకోండి. రోమ్ నుంచి హైస్పీడ్ రైల్లో గంటంబావులో దిగిపోతారు, పాంపేకి మర్నాడు పొద్దున్నే లోకల్ రైలెక్కితే ముప్పావుగంట కూడా పట్టదు. మీరు సోషల్ చెప్పినవారు కాబట్టి మీకు ఈ మాట సులువుగా అర్థమవుతుంది. పాంపే క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద ఆగిపోయిన ఊరు, నేపుల్స్ అదే కొండ పక్కన ఉండి ఇప్పటిదాకా ఆగకుండా నడుస్తున్న ఊరు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకులు నెయాపోలిస్ అని పట్నం కట్టినప్పుడు తూర్పు పడమరలుగా మూడు పెద్ద వీధులు వేసి, వాటికి అడ్డంగా ఉత్తర దక్షిణాలుగా సన్నటి సందులు వేశారు, ఆ గీతలు ఈ రోజుకీ అలాగే ఉన్నాయి, వాటి మీదే స్కూటర్లు తిరుగుతున్నాయి, వాటి మీదే పిల్లలు బడికి పోతున్నారు. పాంపేలో గైడు చేయి చూపించి ఇక్కడ కొట్టు ఉండేది, ఇక్కడ జనం నడిచేవారు అని చెప్పేదంతా నేపుల్స్‌లో మీ కళ్ల ముందే జరుగుతుంది. రెండూ చూస్తేనే చూసినట్టు.

ఇక నడక. లిస్టు రాసుకుని ఒక్కోదానికి టిక్కు పెట్టుకుంటూ పరిగెత్తకండి, ఆ ఊరు అలా చూస్తే ఏమీ ఇవ్వదు. ఆ మూడు పాత వీధుల్లో కింది వీధి పట్టుకుని తూర్పుకు వెళ్లి, మధ్య వీధి పట్టుకుని వెనక్కి రండి, అంతే. కింది వీధిని అందరూ స్పాక్కానాపోలి అంటారు, మ్యాపులో మాత్రం ముక్కముక్కకీ పేరు మారుతూ ఉంటుంది కాబట్టి పేరు మారిందని కంగారు పడొద్దు, తిన్నగా పొండి. మధ్య వీధి పేరు వియా దెయ్ ట్రిబునాలి. ఈ రెండు వీధులూ దాదాపు చదునుగా ఉంటాయి, ఎక్కుడు ఉండేది వాటిని కలిపే అడ్డ సందుల్లోనే, అదీ మెల్లగా ఎక్కే ఎత్తే. అమ్మగారికి ఇబ్బంది మోకాళ్ల కంటే రాళ్ల వల్లే ఎక్కువ. అక్కడ వీధుల్లో పరిచినవి వెసూవియస్ లావా నుంచి కోసిన నల్లటి పలకలు, అరిగి అరిగి నున్నబడ్డాయి, వాన పడితే జారతాయి. అడుగు గట్టిగా పట్టుకునే బూట్లు వేసుకోమనండి, చెప్పులు వద్దు.

మెట్రో ఒకటో లైన్లో దాంతె స్టేషన్లో దిగండి. అక్కణ్ణుంచి పోర్తాల్బా అనే 17వ శతాబ్దపు ద్వారం కిందుగా, పాత పుస్తకాల కొట్ల మధ్య నుంచి నడిస్తే కొద్ది నిమిషాల్లో జెసూ నువోవో చర్చి ఉన్న చౌక్‌కి వస్తారు. ఆ చర్చి ముఖం చూడగానే ఇదేం చర్చి అనిపిస్తుంది, గోడంతా కొసదేలిన రాళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అది 1470లో సాన్సెవెరీనో అనే ప్రభువుల కుటుంబం కట్టుకున్న మేడ, 1584 నుంచి జెసూయిట్లు అనే క్రైస్తవ గురువుల సంఘం వాళ్లు దాన్ని చర్చిగా మార్చారు, ముందు గోడను మాత్రం అలాగే ఉంచేశారు. లోపల కుడి వైపు జుసెప్పె మొస్కాతి అనే డాక్టరు సమాధి ఉంది. ఆయన 1927లో పోయారు, 1987లో చర్చి ఆయన్ని సెయింటుగా ప్రకటించింది, బీదవాళ్ల దగ్గర ఫీజు తీసుకోని డాక్టరుగా ఆ ఊళ్లో ఇప్పటికీ పేరు. చర్చిలోనే ఆయన పేర ఉంచిన గదుల గోడల నిండా వెండి రేకు మీద గుండె, కాలు, చేయి ఇలా అచ్చు పోసిన మొక్కుబడులు వేలాడుతుంటాయి, మనం గుళ్లో వెండి కళ్లు, వెండి కాళ్లు సమర్పించినట్టే. అమ్మగారు అక్కడ కాసేపు కూర్చుంటారు, తొందరపెట్టకండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ చర్చి మీద పడి పేలకుండా మిగిలిన బాంబు తొడుగు కూడా లోపలే పెట్టారు.

ఎదురుగానే సాంతా కియారా. అంజూ వంశపు రాజు రాబర్ట్, రాణి సాంచా 1310లో మొదలుపెట్టించిన చర్చి అది, 1943 ఆగస్టు 4న మిత్రపక్షాల బాంబు దాడిలో తగలబడింది. లోపల ఉన్న బరోక్ అలంకారమంతా పోయింది, యుద్ధం తర్వాత మళ్లీ కట్టేటప్పుడు మొదటి గోథిక్ రూపానికే తెచ్చారు, అందుకే లోపల ఇప్పుడు బోసిగా, ఎత్తుగా ఉంటుంది. చర్చి చూడ్డానికి డబ్బులక్కర్లేదు, వెనకున్న తోటకు టికెట్ ఉంటుంది, కొనండి. 18వ శతాబ్దంలో దొమేనికో ఆంతోనియో వక్కారో ఆ తోటలోని స్తంభాలకు, అరుగులకు రంగుల పింగాణీ పలకలు తొడిగించారు, స్తంభాల మీద ద్రాక్షతీగలు, నిమ్మకాయలు, అరుగుల మీద చేపలు పట్టేవాళ్లు, వేటకు పోయేవాళ్లు. సన్యాసినులు బయటి లోకం చూడని మఠంలో బయటి లోకాన్నంతా పలకల మీద వేయించారు. మొదటి విశ్రాంతికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు.

అక్కణ్ణుంచి తూర్పుకు నడుస్తుంటే సాన్ దొమేనికో చౌక్ వస్తుంది, క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ పాఠాలు చెప్పిన మఠం అదే. దాని వెనక సందులో ఉంది కపెల్లా సాన్సెవేరో అనే చిన్న ప్రార్థనా మందిరం. దీనికి మాత్రం ఇంటి దగ్గరే, వారాల ముందే ఆన్‌లైన్లో టికెట్ తీసుకోమని అబ్బాయికి చెప్పండి, అక్కడికెళ్లి నిలబడితే దొరక్కపోవచ్చు. మంగళవారం సెలవు. లోపల జుసెప్పె సాన్మర్తీనో 1753లో చెక్కిన క్రీస్తు విగ్రహం ఉంది, శవం మీద పల్చటి గుడ్డ కప్పినట్టు ఉంటుంది, గుడ్డ కింద నుదుటి నరం కూడా కనిపిస్తుంది, గుడ్డా మనిషీ అంతా ఒకే పాలరాయి. చేయించిన ప్రభువు రైమోందో ది సాంగ్రోకి రసవాదం తెలుసని ఊళ్లో ప్రచారం ఉండేది, అందుకే నిజం గుడ్డని రాయిగా మార్చేశాడని జనం చాలాకాలం నమ్మారు. ఫొటోలు తీయనివ్వరు, నాకైతే అది చాలా మంచి నియమం అనిపించింది, ఎందుకంటే ఆ గదిలో అందరూ చూడ్డమే చేస్తారు.

మళ్లీ వీధిలోకి వచ్చి నాలుగడుగులు వేస్తే నైలు నది దేవుడి పాలరాతి విగ్రహం, గడ్డంతో పడుకుని ఉంటాడు. రోమన్ల కాలంలో ఈ పేటలో ఈజిప్టు అలెగ్జాండ్రియా వర్తకులు ఉండేవాళ్లు, వాళ్లది అది. విగ్రహం తల ఎప్పుడో పోయింది, ఇప్పుడున్న తల తర్వాత పెట్టింది. ఎదురుగా ఉన్న కాఫీ కొట్టు గోడకు ఫుట్‌బాల్ ఆటగాడు మరడోనాకి చిన్న మందిరం కట్టారు. 1984లో వచ్చి ఆ ఊరి జట్టుకి 1987లోనూ 1990లోనూ ఇటలీ లీగ్ గెలిపించిన మనిషి, ఆ ఊరు ఆయన్ని ఆటగాడిగా చూడదు, తమవాడిగా చూస్తుంది.

అక్కడికి దగ్గర్లోనే ఎడమ చేతి పక్క సాన్ గ్రెగోరియో ఆర్మేనో సందు. క్రిస్మస్ పశువులపాక బొమ్మలు చేసేవాళ్ల వీధి ఇది, ఏడాది పొడుగునా కొట్లు తెరిచే ఉంటాయి. బాలయేసు, గొర్రెల కాపరులే కాకుండా పిజ్జా కాల్చేవాడు, చేపలమ్మేవాడు, ఈ ఏడాది వార్తల్లో ఉన్న ఫుట్‌బాల్ ఆటగాళ్లు, నాయకులు అందరూ మట్టిబొమ్మలుగా ఉంటారు. నవంబరు చివర నుంచి అడుగు పెట్టలేనంత జనం, మీరు వెళ్లే అక్టోబరు మంచి కాలం. ఈ సందే మిమ్మల్ని మధ్య వీధికి ఎక్కిస్తుంది, రోజు మొత్తంలో ఎక్కుడు అనదగ్గది ఇదొక్కటే, బొమ్మలు చూస్తూ ఎక్కితే తెలియదు.

పైకి వచ్చాక ఉండేది సాన్ గయెతానో చౌక్. మాస్టారూ, అక్కడ ఒక్క నిమిషం ఆగి చుట్టూ చూడండి, గ్రీకుల సంత, ఆ తర్వాత రోమన్ల ఫోరం ఉన్న చోటు అదే. సాన్ పావొలో చర్చి గుమ్మం దగ్గర పెద్ద పాత స్తంభాలు రెండు నిలబడి ఉంటాయి, అవి ఆ స్థలంలో ఉన్న రోమన్ గుడివి, 1688 భూకంపంలో మిగతావి కూలిపోగా ఇవి మిగిలాయి. ఎదురుగా సాన్ లొరెంజో చర్చి కింద రోమన్ల కాలపు బజారు వీధి తవ్వి తీశారు, కొట్లతో సహా ఉంది. మెట్లు దిగాలి కాబట్టి మీరూ అబ్బాయీ వెళ్లిరండి, అమ్మగారు పైన కాఫీ తాగుతూ కూర్చోవచ్చు.

ఇక్కణ్ణుంచి తూర్పుగా పియో మోంతె దెల్లా మిజెరికోర్దియా దాకా వెళ్లండి. 1602లో ఏడుగురు కుర్రాళ్లు, ప్రభువుల ఇళ్లవాళ్లు, బీదలకు సాయం చేద్దామని పెట్టుకున్న సంస్థ, ఇప్పటికీ ఆ పని చేస్తూనే ఉంది. రోమ్‌లో ఒక మనిషిని చంపి పారిపోయి వచ్చిన చిత్రకారుడు కరవాజ్జో చేత వాళ్లు 1607 నాటికి ఒక చిత్రం వేయించుకున్నారు. ఆకలిగొన్నవాడికి తిండి పెట్టడం, చనిపోయినవాణ్ణి పూడ్చడం, ఖైదీని పలకరించడం వగైరా ఏడు పుణ్యకార్యాలూ ఒకే గుడ్డ మీద, ఒకే చీకటి సందులో జరుగుతున్నట్టు వేశాడాయన. శవాన్ని మోస్తుంటే పాదాలు మాత్రమే కనిపిస్తాయి. జైలు ఊచల్లోంచి తల బయటపెట్టిన ముసలి తండ్రికి కూతురు తన పాలిస్తుంటుంది. ఆ సందు ఏదో కాదు, మీరు ఇప్పుడే నడిచొచ్చిన సందు లాంటిదే, ఆ వెలుతురూ అదే. ఆ చిత్రాన్ని ఏ మ్యూజియానికో తరలించకుండా ఏ పీఠం కోసం వేశాడో ఆ పీఠం మీదే ఉంచారు. ఒక్క పూటే ఉండి, ఒక్కటే చూడగలిగితే ఏది చూడాలని అడిగితే నేను దీన్నే చెబుతాను.

పక్కనే దువోమో, ఊరి పెద్ద చర్చి. ఊరిని కాపాడే సాధువుగా కొలిచే సాన్ జెన్నారో రక్తం గాజు సీసాలో గడ్డకట్టి ఉండి ఏడాదికి మూడుసార్లు, మే మొదటి ఆదివారానికి ముందు శనివారం, సెప్టెంబరు 19, డిసెంబరు 16 తేదీల్లో, కరుగుతుందని ఊరంతా ఎదురుచూస్తుంది. కరక్కపోతే ఊరికి కీడని నమ్మకం. ఆ సాధువు పేర కట్టిన మందిరం చర్చిది కాదు, 1527లో ప్లేగు వచ్చినప్పుడు ఊరివాళ్లు మొక్కుకుని కట్టించారు, ఈ రోజుకీ ఊరిదే.

వెనక్కి వచ్చేటప్పుడు ట్రిబునాలి వీధిలోనే పుర్గతోరియో చర్చి బయట కంచు పుర్రెలు కనిపిస్తాయి, చేతులు తగిలి తగిలి మెరుస్తుంటాయి. చర్చి నేలమాళిగలో ఉన్న, దిక్కులేని చావు చచ్చినవాళ్ల అసలు పుర్రెల్లో ఒకదాన్ని ఎంచుకుని, తుడిచి, పువ్వు పెట్టి, వాళ్ల ఆత్మశాంతికి ప్రార్థించి, బదులుగా తమ కష్టం చెప్పుకునేవాళ్లు ఇక్కడి ఆడవాళ్లు. 1969లో చర్చి పెద్దలు దీన్ని ఆపమన్నారు, జనం పూర్తిగా ఆపలేదు.

చర్చిలు చాలావరకు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మూసి, నాలుగింటి తర్వాత తెరుస్తారు. కాబట్టి తొమ్మిదింటికల్లా నడక మొదలుపెట్టండి, మూసే టైముకి భోజనానికి కూర్చోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు చాలు, చీరకి అడ్డేం లేదు.

ప్రశ్న: మేం కోడిగుడ్డు తింటాం గానీ మాంసం, చేప ముట్టం. నేపుల్స్‌లో రెండు రోజులు పిజ్జా మీదే బతకాలా? అక్కడి పిజ్జా అయినా నమ్మొచ్చా?
(హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పిజ్జా నిశ్చింతగా తినండి. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు, ఇవే వాళ్ల పిజ్జా పిండిలో పడేవి, కొవ్వు ఏమీ కలపరు. కట్టెల పొయ్యిలో 480 డిగ్రీలకు కాస్త అటూఇటూ వేడిలో నిమిషం, నిమిషంన్నరలో కాల్చి తీస్తారు, అంచు ఉబ్బి నల్లటి మచ్చలు పడుతుంది, నడిమి మెత్తగా తడిగా ఉంటుంది. మన ఊళ్లో తిన్న కరకరలాడే పిజ్జా అలవాటైనవాళ్లు ఇది సరిగ్గా కాలలేదనుకుంటారు, కాదు, అది అలాగే ఉండాలి. ఈ పిజ్జా చేసే పనితనాన్ని 2017లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. మార్గెరీతాలో టమాటా, మొజ్జరెల్లా, తులసి జాతి ఆకు ఉంటాయి. మరినారాలో పాలపదార్థమే ఉండదు, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే, పేరు విని సముద్రపు చేపలుంటాయేమోనని దడుచుకోవద్దు. చీజ్ విషయంలో మరీ పట్టింపున్నవాళ్లకి ఒక మాట, చాలా ఇటలీ చీజుల్ని దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో పేరబెడతారు. ఆ పట్టింపు ఉంటే మరినారాయే మీకు దారి.

వీధిలో నిలబడి తినాలంటే చిన్న పిజ్జాని నాలుగు మడతలు పెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు, అదీ బాగుంటుంది, నూనె మోచేతి దాకా కారుతుంది కాబట్టి ముందుకు వంగి తినండి.

పిజ్జా కాకుండా వంకాయ పర్మిజానా అడగండి, వేయించిన వంకాయ ముక్కలు, టమాటా, చీజ్ పొరలుగా పేర్చి కాలుస్తారు, మన నోటికి వెంటనే నచ్చుతుంది. ఫ్రియరియెల్లి అని కొంచెం చేదుగా ఉండే ఆకుకూర ఉంది, వెల్లుల్లి, మిరపకాయ వేసి నూనెలో మగ్గిస్తారు, దాన్ని మామూలుగా సాసేజ్‌తో కలిపి ఇస్తారు కాబట్టి కూర ఒక్కటే కావాలని చెప్పాలి. కారం లేదని బాధపడేవాళ్లు పెపెరొంచీనో అడిగితే ఎండుమిరప తెచ్చిపెడతారు.

జాగ్రత్త పడాల్సింది అసలు మాంసం కనిపించని వాటి దగ్గరే. స్ఫొల్యతెల్లా అని గవ్వ ఆకారంలో పొరలు పొరలుగా ఉండే తీపి వంటకం పాతబస్తీ అంతా గుమగుమలాడుతుంటుంది, ఆ పొరలున్న రకం పంది కొవ్వుతో చేయడం సంప్రదాయం. వీధుల్లో అమ్మే మిరియాల తరాల్లీ కూడా అంతే. ఆ కొవ్వుని స్త్రుత్తో అనీ, సున్యా అనీ అంటారు, ఈ రెండు మాటలు ఫోన్లో రాసిపెట్టుకుని కొనేముందు చూపించి అడగండి, వాళ్లేమీ అనుకోరు, ఉన్నది ఉన్నట్టు చెబుతారు. వేపుడు కొట్లలో బంగాళాదుంప క్రొకెట్లు చూసి మన బోండాలనుకుని కొనేస్తారు, వాటిలో సలామీ ముక్కలు వేసేవాళ్లూ ఉన్నారు. పాస్తా ముద్దని వేయించే ఫ్రిత్తతీనాలో సాధారణంగా మాంసం ఉంటుంది. బాబా అనే కేకు రమ్ములో నానబెట్టింది, పిల్లలకు పెట్టేముందు తెలుసుకోండి. ఆకుకూర పెట్టిన స్కరోలా పిజ్జాలో అంచొవీ చేపలు వేసే అలవాటు ఉంది, అలీచి వద్దు అనండి.

హోటల్ బిల్లులో కొపెర్తో అని మనిషికింత అదనంగా కనిపిస్తే మోసం అనుకోవద్దు, బల్ల దగ్గర కూర్చున్నందుకు వేసేది, మెనూలో రాసి ఉంటుంది. కాఫీ మాత్రం కూర్చోకుండా కౌంటరు దగ్గరే నిలబడి తాగండి, ధర తక్కువ, పైగా అక్కడివాళ్లంతా అలాగే తాగుతారు. కొన్నిచోట్ల రెండు కాఫీలకు డబ్బు కట్టి ఒకటే తాగి వెళ్లిపోతారు, రెండోది తర్వాత వచ్చే లేనివాడికి. దాన్ని కఫే సొస్పేజో అంటారు. మీరూ ఒకటి కట్టి రండి.

ప్రశ్న: నేను మిలాన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. సెలవుల్లో ఒక్కదాన్నే నేపుల్స్ వెళ్దామంటే క్లాసులో ఇటలీ వాళ్లే అక్కడ దొంగలు, మాఫియా అని భయపెడుతున్నారు. ఇంట్లో అమ్మకి చెబితే ఇంకా టెన్షన్. వెళ్లొచ్చా?
(మిలాన్ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: వెళ్లమ్మా. ఉత్తరాది ఇటలీలో నేపుల్స్ గురించి చెప్పే మాటల్లో నిజం కొంత, పాత దురభిప్రాయం చాలా ఉంటుంది, వినేటప్పుడు అది గుర్తుపెట్టుకో. కమొర్రా అనే అక్కడి మాఫియా ముఠాలు లేవని నేను చెప్పను, వాటి వల్ల నలిగేది అక్కడ కొట్టు పెట్టుకుని బతికే మనిషి, నడుచుకుంటూ వెళ్లే నీలాంటివాళ్లు కాదు. నీకు ఉండే ప్రమాదాలు రెండే, జేబుదొంగలు, స్కూటర్లు.

జేబుదొంగలు ఎక్కువగా ఉండేది పాతబస్తీలో కంటే పాంపే వెళ్లే చిర్కుమ్‌వెసువియానా రైల్లో, సెంట్రల్ స్టేషన్ చుట్టుపక్కల. బ్యాగు ముందుకు వేసుకో, పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ లోపలి జేబులో భద్రంగా పెట్టుకో. నడిచేటప్పుడు ఫోన్ చేతిలో ఊపుకుంటూ మ్యాపు చూడొద్దు, చూడాలనిపిస్తే ఏదైనా కొట్టు గుమ్మంలోకి వెళ్లి చూసుకో. స్కూటర్లు మనిషి పట్టే సందులో కూడా దూరతాయి, హారన్ వినబడితే అటూ ఇటూ గెంతకుండా గోడ పక్కకి జరిగి ఉన్నచోటే నిలబడు, వాళ్లే తప్పించుకుని పోతారు. ట్యాక్సీ ఎక్కితే బండి కదలకముందే తరీఫా ప్రెదెతెర్మినాతా కావాలని చెప్పు, స్టేషన్, ఎయిర్‌పోర్ట్, రేవు లాంటి చోట్లకు ఊరి కార్పొరేషన్ పెట్టిన స్థిరమైన రేట్లున్నాయి, ముందే అడిగితేనే అవి వర్తిస్తాయి.

ఇంకో సంగతి, దీన్ని భద్రత అనను, మర్యాద అంటాను. పాతబస్తీలో, దాని పడమటి వైపు క్వార్తియెరి స్పాన్యోలిలో, వీధిలోకే తలుపు తెరుచుకునే ఒంటిగది ఇళ్లుంటాయి, బాస్సో అంటారు. లోపల మంచం, పొయ్యి, టీవీ, దేవుడి పటం అన్నీ దారినపోయేవాళ్లకు కనిపిస్తాయి. టూరిస్టులు వాటికి కూడా కెమెరా పెట్టేస్తున్నారు. అది ఒకరి పడకగది. ఫొటో తీయకు, గుమ్మంలో కూర్చున్న ముసలామెకి బొంజోర్నో చెప్పు, ఆవిడే నీకు దారి చెబుతుంది, కొన్నిసార్లు చేయి పట్టుకుని మూల దాకా తీసుకెళ్లి మరీ చెబుతుంది. టూరిస్టులకు అద్దెకిచ్చే గదులు పెరిగి ఈ వీధుల్లో ఇల్లు దొరకడం అక్కడివాళ్లకే కష్టమవుతోంది, కుదిరితే ఏదో ఒక హోటల్లోనో హాస్టల్లోనో దిగు.

అమ్మకి చెప్పకుండా మాత్రం వెళ్లొద్దు. రాత్రి పది దాకా ట్రిబునాలి వీధిలో పిజ్జా కోసం నిలబడే జనాన్ని వీడియో కాల్‌లో చూపించు, ఆవిడ టెన్షన్ సగం తగ్గుతుంది.

ప్రశ్న: నేపుల్స్ నేల కింద కూడా ఒక ఊరుందట కదా, మా ఎనిమిదేళ్ల బాబుకి చూపించాలని ఉంది. నాకేమో ఇరుకు చోట్లంటే గాభరా. వెళ్లగలనా?
(డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఊరు కాదు, గనులు, నీటి తొట్లు. నేపుల్స్ ఇళ్లన్నీ టఫ్ అనే పసుపుపచ్చ మెత్తటి రాయితో కట్టినవి, ఆ రాయిని గ్రీకుల నాటి నుంచీ ఇళ్ల కిందే తవ్వి పైకి తెచ్చారు. తవ్విన గుహల్ని తర్వాత మంచినీటి తొట్లుగా, కాలువలుగా వాడుకున్నారు, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడుతుంటే వేలమంది అక్కడ తలదాచుకున్నారు, వాళ్లు వదిలేసిన మంచాలు, పిల్లల ఆటబొమ్మలు, గోడల మీద రాతలు ఇంకా ఉన్నాయి. సాన్ గయెతానో చౌక్ దగ్గర నుంచి గైడుతో తీసుకెళ్తారు, సుమారు 40 మీటర్ల లోతు, వందకు పైగా మెట్లు. అందులో ఒక చోట పక్కకి తిరిగి నడవాల్సినంత సన్నటి దారి ఉంది, చేతిలో దీపం పట్టుకుని వెళ్లాలి. మీకు గాభరా ఉందంటున్నారు కాబట్టి ఆ ముక్క మీరు వెళ్లొద్దు, ఆ దారి వద్దనుకున్నవాళ్లు పెద్ద గదిలోనే ఆగిపోవచ్చు, గైడుకి ముందే చెప్పండి. బాబుని ఇంట్లో ఇంకో పెద్దవాళ్లతో పంపండి, ఆ వయసు పిల్లలకి అదే పండగ.

అదే టూర్లో పైకి వచ్చాక ఒక మామూలు ఒంటిగది ఇంట్లోకి తీసుకెళ్లి, మంచం పక్కకి జరిపి, కింద నేలలో తలుపు తెరుస్తారు. దాని కింద రోమన్ నాటకశాల. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నేపుల్స్ నాటకశాలలో పాట పాడాడని, భూమి కంపించినా ఆపలేదని రోమన్ చరిత్రకారుడు స్వెతోనియస్ రాశాడు. ఆ నాటకశాలకు ఆనుడుగా కట్టిన ఇటుక కమానులు మూడో పాత వీధి, అంటే అన్నిటికన్నా పైనున్న అంతికాల్యా వీధిలో ఇళ్ల మధ్య ఇరుక్కుని ఉన్నాయి, కింద నుంచి కార్లు పోతుంటాయి. బయటికొచ్చాక బాబుని అక్కడికి కూడా నడిపించండి, అటు జనం తక్కువ.

లోపల వేసవిలో కూడా చల్లగా ఉంటుంది, పలచటి స్వెట్టరు పెట్టుకోండి.

ప్రశ్న: పాంపేలో లక్ష్మీదేవి విగ్రహం దొరికిందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా? మా అమ్మాయి నెలాఖరుకి నేపుల్స్ వెళ్తోంది, పాంపేలో ఎక్కడ చూడాలో చెబితే దానికి చెబుతాను.
(గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: విగ్రహం నిజమే. 1938లో పాంపేలో ఒక ఇంటి తవ్వకంలో దొరికింది, ఏనుగు దంతంతో చేసిన స్త్రీమూర్తి, జానెడు కంటే కొంచెం పొడవు, మెడలో, చేతులకు, కాళ్లకు బరువైన నగలు, పక్కన ఇద్దరు చెలికత్తెలు. మొదట్లో లక్ష్మి అన్నారు, ఇప్పుడు చాలామంది పండితులు యక్షిణి కావచ్చు అంటున్నారు. తల మీద నుంచి లోపలికి కన్నం ఉంది కాబట్టి ఏదో సామానుకి పిడిగానో కాలుగానో అమర్చి ఉంటారని అంచనా. కాబట్టి అక్కడ లక్ష్మీపూజ జరిగేదని ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే నమ్మకండి. అది క్రీ.శ. 79 కంటే ముందే మన దేశం నుంచి ఓడలో వెళ్లిందన్నది మాత్రం ఖాయం, అదే చాలా గొప్ప సంగతి. ఇలాంటి దంతపు బొమ్మే మహారాష్ట్రలోని భోకర్దన్ తవ్వకాల్లో దొరికింది, అది శాతవాహనుల ఏలుబడిలో ఉన్న చోటు. మీ గుంటూరు ప్రాంతంలోనూ నల్గొండలోనూ రోమన్ నాణేలు దొరికాయి కదా, సరుకు ఇటు నుంచి అటు, డబ్బు అటు నుంచి ఇటు నడిచిన కాలం అది.

అయితే ఆ బొమ్మ పాంపేలో లేదు, నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. పైన మాస్టారికి చెప్పిన దాంతె చౌక్ నుంచి ఉత్తరంగా పది నిమిషాల నడక, మ్యూజియం పేరుతోనే మెట్రో స్టేషన్ కూడా ఉంది. మంగళవారం మూసి ఉంటుంది. బొమ్మని పెట్టింది గాబినెత్తో సెగ్రేతో అనే విభాగంలో, పాంపేలో దొరికిన శృంగార చిత్రాలు, శిల్పాలు ఉండేది అందులోనే, అమ్మాయికి ముందే చెప్పండి, చిన్నపిల్లలతో వెళ్తుంటే వాళ్లని బయట ఎవరి దగ్గరైనా ఉంచమనండి. టికెట్ కొనేటప్పుడే ఆ విభాగం ఆ రోజు తెరిచి ఉందా, ఏ టైము దాకా అని కౌంటర్లో అడిగి, ముందు అటే వెళ్లమనండి.